మూడు సెకన్ల పేరిణి

పాలంపేట రామప్ప గుడిలో రాతి నర్తకులున్నారు. ఒకరు కాలెత్తి, ఒకరు నడుం వంచి... పక్కనే మద్దెల వాయించేవాళ్లు. కాకతీయ గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన గుడి. అప్పట్నుంచీ ఆ ఎత్తిన కాలు దించిందే లేదు! ఈ భంగిమల్నీ, జాయప సేనాని రాసిన ‘నృత్తరత్నావళి’నీ ఆధారం చేసుకుని నటరాజ రామకృష్ణ మరుగున పడిన పేరిణిని మళ్లీ వేదికెక్కించారు. ఆగిపోయిన బొమ్మల్ని ఊహలో వరసగా పేర్చి కదిలించారన్నమాట. ఇప్పుడా పేరిణినే ఫోన్లో కదిలే బొమ్మగా చేసి పంపాలనుకునేవారికి ఒక చిక్కు ఎదురవుతుంది.

ప్రదర్శనను పెద్ద కెమెరాతో తీయించుకుంటే, హార్డ్‌డిస్క్‌లో వచ్చే ఫైళ్ల పేరు చివర కొన్నిసార్లు ‘ఎంఎక్స్‌ఎఫ్’ అని ఉంటుంది. ఫోన్లో నొక్కితే తెరుచుకోదు. పాడైపోయిందేమో అనిపిస్తుంది. చెరిపేస్తే మాత్రం అంతే సంగతులు... వయసు మళ్లిన గురువుగారు చేసిన ఒకే ఒక్క ప్రదర్శన అందులోనే ఉండొచ్చు. పెళ్లి వీడియోలకూ ఇదే వర్తిస్తుంది.

నిజానికి ఎంఎక్స్‌ఎఫ్ అనేది ఒక డబ్బా లాంటిది. టీవీ స్టూడియోల కోసం 2004లో ప్రమాణంగా వచ్చింది. దృశ్యం, నాలుగైదు మైకుల శబ్దం, ఏ క్షణంలో తీశారో చెప్పే టైమ్‌కోడ్... అన్నీ అందులో సర్ది ఉంటాయి. కంప్యూటర్లో వీఎల్‌సీ ప్లేయర్ వేసుకుంటే చాలావరకు తెరుచుకుంటాయి. కాబట్టి ముందు చేయాల్సింది చెరపడం కాదు, ఇంకో డిస్కులోకి కాపీ చేయడం.

ఇక కదిలే బొమ్మ సంగతి. ‘జిఫ్’ 1987లో కంప్యూసర్వ్ సంస్థలో పుట్టింది. అందరూ గిఫ్ అంటున్నా, తయారుచేసిన స్టీవ్ విల్‌హైట్ మాత్రం జిఫ్ అనే పలకాలని పట్టుబట్టాడు. పెట్టినాయన మాట కాదనడమెందుకు! 1995లో నెట్‌స్కేప్ బ్రౌజరు దాన్ని ఆగకుండా తిరిగేలా చేసింది. పాతకాలపు సరుకు కావడంతో ఒక్కో ఫ్రేములో 256 రంగులకు మించి పట్టవు. రామప్ప ఎర్ర ఇసుకరాయి, నల్లరాతి మదనికలు ఆ కొద్ది రంగుల్లోనూ బాగానే వస్తాయి. గుడి వెనక సాయంత్రపు ఆకాశమే చారలు చారలుగా విడిపోతుంది. అందుకే ఆకాశం తక్కువ, రాయి ఎక్కువ ఉన్న ముక్కను ఎంచుకోవడం మేలు.

ఆన్‌లైన్లో మార్చిపెట్టే సైట్లున్నాయి. క్లౌడ్‌కన్వర్ట్, కన్వర్షియో వంటివి. ఫైలు ఎక్కించి, జిఫ్ అని ఎంచుకుంటే చాలు. కానీ ఎక్కించడమే గండం! సెకనుకు 50 మెగాబిట్ల చొప్పున రికార్డయిన వీడియో ఒక్క నిమిషానికి 375 మెగాబైట్లవుతుంది. అప్‌లోడ్ వేగం 2 మెగాబిట్లే ఉన్న ఊళ్లో అది వెళ్లడానికి 25 నిమిషాలు. అరగంట ప్రదర్శన మొత్తం ఎక్కించాలనుకుంటే పన్నెండు గంటలు దాటుతుంది. ఉచిత ఖాతాలకు పరిమితులూ ఉంటాయి. అందుకే కావాల్సిన ముక్కను కంప్యూటర్లోనే కత్తిరించుకోవాలి. షాట్‌కట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఈ పని చేస్తుంది. దాన్నుంచి ఎంపీ4గా తీసి ఎక్కిస్తే క్షణాల్లో అయిపోతుంది.

ఎంత ముక్క? మూడు సెకన్లు చాలు. లెక్క చూడండి. 1920 బై 1080 సైజులో, సెకనుకు 25 ఫ్రేములతో పది సెకన్లు తీసుకుంటే కుదించకముందు 500 మెగాబైట్ల పైమాటే. 480 బై 270కి తగ్గించి, సెకనుకు పది ఫ్రేములతో మూడు సెకన్లు చేస్తే నాలుగు మెగాబైట్లు కూడా కాదు. పేరిణిలో ఒక్క అడుగు, ఒక్క తిరుగుడు చూపడానికి అది సరిపోతుంది. మొదటి ఫ్రేము, చివరి ఫ్రేము ఒకే భంగిమలో ఉండేలా కోస్తే నర్తకుడు ఆగకుండా ఆడుతున్నట్టే ఉంటుంది.

మరో ఇబ్బంది. నర్తకుడి చెయ్యి వేగంగా కదిలినచోట దువ్వెన పళ్లలా గీతలు కనిపించవచ్చు. టీవీ పద్ధతిలో తీసిన వీడియోలో సరి గీతలొకసారి, బేసి గీతలొకసారి నమోదవడమే కారణం. మార్చేటప్పుడు ‘డీఇంటర్‌లేస్’ అనే గడిలో టిక్ పెడితే పోతాయి. వీడియో వెలిసిపోయినట్టు బూడిదరంగులో ఉన్నా కంగారు వద్దు. రంగులు తర్వాత దిద్దుకోవడానికి కొందరు కెమెరామన్లు కావాలనే అలా తీస్తారు. దిద్దించాకే జిఫ్ చేయించాలి.

అన్నిటికన్నా పెద్ద లోటు మాత్రం శబ్దం. జిఫ్‌కు గొంతు లేదు. మద్దెల మోత లేని పేరిణి... గుడిలోని రాతి వాద్యకారులంత నిశ్శబ్దం! తాళం కూడా వినిపించాలంటే అదే ముక్కను ఎంపీ4గా పంపాలి. వాట్సాప్ కూడా జిఫ్‌లను లోపల చిన్న శబ్దంలేని ఎంపీ4గానే మార్చుకుంటుంది. 

ఎవరివో తెలియని సైట్లకు పిల్లల ప్రదర్శనలు, ఇంటి వేడుకలు ఎక్కించేముందు, ఫైళ్లను ఎంతసేపట్లో తొలగిస్తారో వాళ్ల నిబంధనల్లో చూడాలి. అక్కడ ఏమీ రాయకపోతే ఆ సైటు వదిలేయడమే మంచిది. బొమ్మ మూలన నర్తకుడి పేరు, గురువు పేరు చిన్నగా వేయండి. ఫార్వర్డులు తిరిగి తిరిగి ఎక్కడికి చేరినా ఆ పేర్లు వెంట ఉంటాయి.

ఇప్పుడు ములుగు జిల్లాలో ఉన్న ఈ గుడి, 2021 జులైలో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది. కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది కాబట్టి, పెద్ద కెమెరాలతో షూటింగ్ పెట్టుకునేవారు ముందే ఆ శాఖ అనుమతి తీసుకోవాలి.