గౌడ్ శిథిలాలలో మొగలు నాటి ద్వారం: కావలి ఎవరిది?

పశ్చిమ బెంగాల్‌లోని మాల్దా జిల్లాలో, గౌడ్ నగర శిథిలాల మధ్య 'లుకోచురి దర్వాజా' నిలిచి ఉంది. లుకోచురి అంటే దాగుడుమూతలు. మొగలు చక్రవర్తి షాజహాన్ కుమారుడు షా షుజా 1655లో దీనిని ఇటుకలతో కట్టించాడని చెబుతారు.

ఒకప్పుడు బెంగాల్ రాజధాని అయిన గౌడ్, 1575 నాటి మహమ్మారితో పాడుబడింది. అయితే నగరాన్ని నేలమట్టం చేసింది రోగం ఒక్కటే కాదు. ఒండ్రునేల ప్రాంతం కావడంతో అక్కడ రాతికి కొరత. అందుచేత ముర్షీదాబాద్, మాల్దా పట్టణాల కట్టడాలకు ఇక్కడి ఇటుకలు తరలిపోయాయి. నవాబుల కాలంలో గౌడ్ ఇటుకల వెల పేరిట ఏటా 8,000 రూపాయలు జమీందార్ల నుంచి వసూలయ్యేవి. కాపాడవలసిన సర్కారే అమ్మకానికి పెడితే సామాన్యుడిని తప్పుపట్టడం ఎలా?

నేడు ఈ ద్వారం కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది. కాని బోర్డు ఒక్కటే కావలి కాయజాలదు. ఇటుకల సందుల్లో మొలిచే రావి మొక్కను వానలు వెలిసిన వెంటనే పీకకపోతే, దాని వేరే గోడను చీలుస్తుంది. యాత్రికుల రాకతో చుట్టుపక్కల పల్లెల వారికి నాలుగు రూపాయలు దక్కాలి. ఊడదీసిన ఇటుక ఒక్క పూటే కూడు పెడుతుందనీ, నిలిచిన ద్వారం తరతరాలకు పెడుతుందనీ వారికి రుజువైతే వేరే కావలి అక్కరలేదు.