చిన్నమాటల సాక్ష్యము

2019వ సంవత్సరము నవంబరు 4వ తేదీ మధ్యాహ్నమున, హైదరాబాదు శివారున నున్న అబ్దుల్లాపూర్‌మెట్టు కచేరీలో, తహసీలుదారు విజయారెడ్డిగారిని ఆమె గదిలోనే, భూమి తగవుతో వచ్చిన ఒకడు పెట్రోలు పోసి నిప్పంటించి చంపెను. ఆమెను కాపాడుటకై మంటలలోనికి ఉరికిన డ్రైవరు మఱునాడు మరణించెను. అటెండరు తీవ్రముగా కాలెను. నిప్పు పెట్టినవాడును నాలుగు దినములు తిరుగక మునుపే పోయెను. ఆ వార్త వినిన పిదప కర్నూలు, కడప జిల్లాల రెవెన్యూ కచేరీలలో పనిచేయువారికి చేతిసంచితో లోనికి వచ్చు ప్రతి మనిషియు భయహేతువైన దినములు కొన్ని గడచినవి.

ఆ దినములలో నన్ను మిక్కిలి నొప్పించినది మఱియొకటి కలదు. చితి ఆఱక మునుపే, ఆమె యెవరో యెఱుగనివారు, ఆ భూమి యెక్కడ నున్నదో యెఱుగనివారు, ఊరక యెవరైన చంపుదురా, ఏమి లంచమడిగినదో యని తీర్పులు చెప్పసాగిరి. రెవెన్యూ శాఖలో లంచము లేదని నేననను. అడంగల్ నకలు కొఱకు, పాసుపుస్తకము కొఱకు, తాతలనాటి గట్టు సరిచేయించుకొనుట కొఱకు ఏండ్ల తరబడి తిరిగి కాళ్ళరిగిన రైతుల దుఃఖమును రాయలసీమలో కన్నులార చూచినవాడను. అయినను ఆ దుఃఖమునకు విచారణ కలదు, అప్పీలు కలదు, న్యాయస్థానము కలదు. చంపబడిన మనిషికి బదులు చెప్పుకొనుటకు నోరు లేదు. హతుల మీద నేరము మోపుట హంతకుని పనిని కొనసాగించుటయే యని నా దృఢాభిప్రాయము.

అట్టివారికి నోరుగా నిలువదగినవారు ప్రక్క బల్లమీద పనిచేసినవారు. కాని వారు తఱచుగా మౌనము వహింతురు. భయముచేత కొందఱు మాటాడరు; కాని పెక్కుమంది మాటాడకుండుటకు కారణము సిగ్గు. జ్ఞాపకము వచ్చునవన్నియు అల్పములై తోచుట వలన కలిగిన సిగ్గు అది. చాల కాలము క్రిందట మాతో పనిచేసిన సర్వేయరొకరు పొలము హద్దు తగవులో హతులైరి. ఆ ముందటి సాయంకాలము మేమిద్దఱము కచేరీ ఎదుటి హోటలులో ఉగ్గాని, బజ్జీ తినుచుండగా ఆయన, "పప్పుల పొడి శానా తక్కువేసినాడన్నా, చెయ్యి మారినట్లుండాది" అనెను. "నీకెప్పుడూ తిండి మీదనే ధ్యాసప్పా, ఎండకని తీసుకపోయిన నా గొడుగు రేపన్నా తెచ్చీ" అని నేనంటిని. అంతియే. పదిదినముల పిదప ఆయన భార్య, "మీతో ఏమన్నా చెప్పినాడా అన్నా?" అని అడిగినప్పుడు, పప్పుల పొడి మాట, గొడుగు మాట నోట రాక, ఏమియు లేదమ్మా అంటిని.

ఏదైన గంభీరమైన మాట, జాగ్రత్త చెప్పు మాట, ఒక ఆదరవాక్యమైన పలికియుండరాదా యని చాల కాలము పరితపించితిని. ఇట్టి పరితాపమునే మఱికొందఱి నోటను వింటిని: ఒకరికి డి.ఏ. బకాయిల లెక్క, ఒకరికి బస్సులో సీటు కొఱకు వేసిన తువాలు, ఒకరికి ఫ్యాను వేగము మీది కసురుపాటు. ఇప్పుడు నాకు ఆ పరితాపము అన్యాయముగా తోచుచున్నది. సహోద్యోగి మనము కోరి తెచ్చుకొనిన మిత్రుడు కాడు, బంధువు కాడు. బదిలీ ఉత్తరువు తెచ్చి ప్రక్కన కూర్చుండబెట్టిన మనిషి. ఆ మనిషితో ఏండ్లకేండ్లు గడచిన పగళ్ళన్నియు టీ నీళ్ళతో, బస్సు వేళలతో, జీతము బిల్లులతో నిండినవే. వాని నన్నిటిని అల్పములని త్రోసివేసినచో మిగులునదేమి? శవపరీక్ష నివేదికలో గాయముల కొలతలుండును. సంతాప తీర్మానములో సౌమ్యుడు, కార్యదక్షుడు అను, ఎవరికైనను అతుకు విశేషణములుండును. పింఛను కాగితములో సర్వీసు లెక్క యుండును. ఉగ్గానిలో పప్పుల పొడి తగ్గినదని పట్టి చెప్పగల నాలుక ఆ మనిషి యొక్కనిదే. ఆ సంగతి యే దస్త్రములోను లేదు, నా యొద్దనే కలదు. మఱునాటికి గొడుగు తెమ్మని అడుగుటలో ఆయనకు మఱునాడు కలదను నా నమ్మకమున్నది. ఆయనకును అదే నమ్మకము. ఆ నమ్మకమును నరికినవాడు దోషి; నమ్మినవారికి దోషమేమి?

అబ్దుల్లాపూర్‌మెట్టు ఘోరము జరిగిన కొలది దినములకే కర్నూలు జిల్లా పత్తికొండలో తహసీలుదారు తన గదిలో అడ్డముగా త్రాడు కట్టించి, అర్జీదారులు దానికి ఇవతలనే నిలువవలెనని నియమించిరి. పత్రికలలో ఆ త్రాటి ఛాయాచిత్రము చూచి నవ్వినవారు కలరు, నేను నవ్వలేకపోయితిని. 1800లో నిజాము కుంపిణీవారికి వదలుకొనిన దత్తమండలములకు ప్రధాన కలెక్టరై వచ్చి, 1807 వరకు డేరాలలో ఊరూర తిరిగి, రైతుల మాటలు స్వయముగా విని శిస్తు నిర్ణయించిన మన్రో, మద్రాసు గవర్నరుగా నున్న కాలమున ఈ సీమను కడసారి చూడవచ్చి, 1827 జూలై 6వ తేదీన కలరా సోకి మరణించినది ఆ పత్తికొండలోనే. పరప్రభుత్వమునకు పన్ను కూర్చిన అధికారియైనను, రైతునకు తనకు నడుమ త్రాడు లేనందుననే కాబోలు, ఈ ప్రాంతమున తమ బిడ్డలకు ఆయన పేరు పెట్టుకొనినవారు కలరు. త్రాడు కట్టించినవారి భయము నిజమైనది, దానిని నేను తప్పు పట్టను. కాని వానలెట్లున్నవి, వేరుశనగ యెట్లున్నదని అధికారి అడుగుటయు, రైతు చెప్పుటయు ఆ త్రాటి వలన నిలిచిపోవును. అర్జీ యెంతవఱకు వచ్చినదో, ఏల ఆగినదో గోడమీద వ్రాసి పెట్టినచో త్రాటికంటె నెక్కువ రక్షణ కలుగునని నా నమ్మకము.

2024 ఫిబ్రవరి 2వ తేదీ రాత్రి విశాఖపట్టణము కొమ్మాదిలో, తాను నివసించు భవనము నొద్దనే, తహసీలుదారు రమణయ్యగారు ఇనుపకడ్డీతో కొట్టబడి ప్రాణములు విడిచిరి. ఎన్నికల బదిలీలలో ఆయన విజయనగరము జిల్లా బొండపల్లికి మారిన దినములవి. బదిలీల శాఖలో జ్ఞాపకములును బదిలీ యగును. వ్యాజ్యము తెమలు నాటికి ఆ గదిలో ఆ మనిషి నెఱిగినవారొక్కరును మిగులరు. ప్రతి హత్య పిదపను ఉద్యోగ సంఘములు విధులు బహిష్కరించుచున్నవి, పోలీసు కాపలా అడుగుచున్నవి, అవి అడుగవలసినవే. వానితోబాటు, బదిలీ ఉత్తరువులు రాక మునుపే, ఆ కచేరీలోని ప్రతివారి చేతను, నౌకరు మొదలు అధికారి వఱకు, హతులతో తాము కడపట మాటాడిన మాటను ఉన్నదున్నట్లు వ్రాయించి కుటుంబమునకు అందజేయవలెను. అందులో పొగడ్తలు వలదు. ఏ బస్సెక్కెడివారు, టీలో చక్కెర యెంత వేసికొనెడివారు, ఎవరి గొడుగు తీసికొనిపోయిరి, ఏ మాటకు నవ్విరి, ఏ మాటకు విసుగుకొనిరి, ఇవి చాలును; వ్రాసినవారు క్రింద తమ పేరు కూడ వ్రాయవలెను.