జీతం ఒకరిది, రహస్యం మరొకరిది

మెరుపులా పరుగెత్తగలడు. ఒడుపున్నవాడు. కానీ విసిరిన బంతి చేతికొచ్చి జారిపోతోంది. కోట్లు పోసి తెచ్చుకున్న ఆటగాడు అలా పదేపదే బంతిని వదిలేస్తుంటే జట్టు యాజమాన్యం ఊరుకుంటుందా? అతణ్ణి ఒక థెరపిస్టుకు అప్పగించింది. అమెరికాలోని యూఎస్‌ఏ నెట్‌వర్క్‌లో 2011 నుంచి 2013 వరకు మూడు సీజన్లపాటు ప్రసారమైన 'నెసెసరీ రఫ్‌నెస్' ధారావాహిక కథకు మూలం ఇదే. అమెరికన్ ఫుట్‌బాల్‌లో హద్దు మీరిన మొరటుతనానికి 'అన్‌నెసెసరీ రఫ్‌నెస్' అంటూ రిఫరీ 15 గజాల పెనాల్టీ వేస్తాడు. ఆ మాటనే తిరగేసి పేరు పెట్టారు. కొంత మొరటుతనం అవసరమేనన్నమాట!

థెరపిస్టు డానీ శాంటినోగా కేలీ థార్న్, టెరెన్స్ కింగ్ అనే ఆ ఆటగాడిగా మెహ్‌కాడ్ బ్రూక్స్ నటించారు. కథలోని న్యూయార్క్ హాక్స్ జట్టు కల్పితమే. అయితే న్యూయార్క్ జెట్స్ జట్టుతో పనిచేసిన డోనా డానెన్‌ఫెల్సర్ అనే థెరపిస్టు అనుభవాలే దీనికి ప్రేరణ. భర్త నమ్మకద్రోహంతో డానీ కాపురం కూలిపోయింది. ఇద్దరు పిల్లలను పోషించుకోవాలి. అందుకే ఈ ఉద్యోగం ఆమెకు అక్కర. అసలు చిక్కంతా అక్కడే ఉంది.

డబ్బిచ్చేది జట్టు. ఎదురుగా కూర్చుని గుండె విప్పేది ఆటగాడు. వచ్చే ఆదివారం అతడు మైదానంలో దిగాలన్నది జట్టు అవసరం. అతడు మనిషిగా కుదుటపడాలన్నది ఆమె వృత్తిధర్మం. ఈ రెండూ ఒకే దారిలో నడిచినన్నాళ్లు ఇబ్బంది లేదు. దారులు చీలిన రోజున ఆమె ఎవరి మనిషి? ఇద్దరు యజమానులను సేవించడం గురించి యేసుప్రభువు చేసిన హెచ్చరిక (మత్తయి 6:24) ఆ గదిలో ఎంత సూటిగా తగులుతుందో! ఎపిసోడ్ ముగిసేలోగా గాయాలు మానిపోయే టీవీ సులువు ఈ కథలోనూ ఉంది. అయినా ఈ ఒక్క ప్రశ్నను లేవనెత్తినందుకు దాన్ని మెచ్చుకోవాలి.

ఆ ధారావాహిక ముగిశాక లోకం కొంత మారింది. 2017లో ఆట మధ్యలో తనకు భయంతో ఊపిరాడలేదని బాస్కెట్‌బాల్ క్రీడాకారుడు కెవిన్ లవ్ 2018లో బాహాటంగా రాశాడు. ప్రతి జట్టుకూ ఒక మానసిక ఆరోగ్య నిపుణులు ఉండాలని 2019లో అమెరికా ఫుట్‌బాల్ లీగ్, ఆటగాళ్ల సంఘం ఒప్పందం చేసుకున్నాయి. 2021లో టోక్యో ఒలింపిక్స్‌లో జిమ్నాస్ట్ సిమోన్ బైల్స్ జట్టు ఫైనల్ మధ్యలో తప్పుకుంది. నిందించినవారు తక్కువేం కాదు. 2024లో పారిస్‌లో ఆమె 3 స్వర్ణాలు, 1 రజతం గెలిచాక అందరూ చప్పట్లు కొట్టారు. మరి ఆమె తిరిగి రాకపోయి ఉంటే? పతకం తెచ్చిన విశ్రాంతినే విశ్రాంతిగా ఒప్పుకుంటామా?

ఏలీయా ప్రవక్తను చూడండి. కర్మెలు పర్వతం మీద అంతటి విజయం! వెంటనే యెజెబెలు బెదిరింపుతో అరణ్యంలోకి పారిపోయి, ఒక చెట్టు కింద కూలబడి, ఇక చాలు, నా ప్రాణం తీసుకోమని దేవుణ్ణి బతిమాలాడు (1 రాజులు 19). దేవుడు గద్దించలేదు. అవిశ్వాసివని అనలేదు. దూత వచ్చి రొట్టె, నీళ్లు ఇచ్చాడు. ఏలీయా తిని మళ్లీ పడుకున్నాడు. పడుకోనిచ్చాడు దేవుడు! మళ్లీ లేపి మళ్లీ తినిపించాడు. హోరేబు కొండ దగ్గర, ఇక్కడేం చేస్తున్నావని రెండుసార్లు అడిగితే ఏలీయా రెండుసార్లూ ఒకే జవాబు పొల్లుపోకుండా అప్పజెప్పాడు. చెప్పిందే చెబుతున్నావేమిటని దేవుడు విసుక్కోలేదు. తిరిగి పని అప్పగించాడు నిజమే. కానీ ఆ పనిలోనే తన తర్వాత ఆ భారం మోయబోయే ఎలీషాను కూడా చూపించాడు. ఏ జట్టు యజమాని ఇంత ఓపిక పడతాడు?

దిగులుతో నిద్రపట్టక కుంగిపోయే విశ్వాసికి మన సంఘాల్లో దొరికేది తరచుగా ఒకే మందు: ఇంకా ప్రార్థన చెయ్యి. ప్రార్థన బలమైనదే, ఈ సేవకుడు దాన్ని ఒక్కనాడూ తక్కువ చేయడు. కానీ దేవుడు పంపిన రొట్టె, నిద్ర, వినే చెవి కూడా ఆ అధ్యాయంలోనే ఉన్నాయి. మనోవైద్యుణ్ణి కలిస్తే విశ్వాసం పోయినట్టని చెప్పే బోధకులు దాన్ని ఎలా చదువుతారో!

ఇక రహస్యం సంగతి. థెరపిస్టుకు రోగి చెప్పుకున్న మాటలకు అమెరికా సుప్రీంకోర్టు 1996లోనే రక్షణ కల్పించింది. మన దేశంలో 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కూడా రోగి గోప్యతను హక్కుగా గుర్తించింది. మన మందిరాల్లో ఏం జరుగుతోంది? సోమవారం ఒక చెల్లి పాస్టరమ్మ దగ్గర ఏడ్చి చెప్పుకున్న ఇంటి బాధ, శుక్రవారం ఉపవాస ప్రార్థనలో పేరుతో సహా ప్రార్థనాంశమై మైకులో వినిపిస్తుంది. ఆమెన్ అనేవాళ్లలో ఆమె అత్తగారు కూడా ఉంటారు. చెప్పవచ్చా అని ముందుగా ఆ చెల్లిని ఎవరూ అడగరు.