మక్కా ఇంట్లో తాబేలు మేత
పిల్లల పోరు పడలేక మక్కాలోని మనవాళ్లెవరైనా సులకాటా తాబేలును కొంటే, ముందు దాని పుట్టుపూర్వోత్తరాలు తెలుసుకోవాలి. సహారా ఎడారి దక్షిణపు అంచున గడ్డి మేసి బతికే జాతి అది. అలాంటిదానికి రోజూ దోసకాయ చక్రాలు, అరటిపండు, మిగిలిపోయిన ఖుబ్జ్ (అరబ్బు రొట్టె) ముక్కలు పడేయడం ప్రేమ కాదు, బద్ధకం. తీపి, పిండిపదార్థం దాని పొట్టకు పడవు. ఐస్‌బర్గ్ లెట్యూస్‌లో నీళ్లు తప్ప పెద్దగా ఏమీ లేవు. మేతలో 75 శాతానికి పైగా గడ్డే ఉండాలి, పచ్చిదైనా ఎండుదైనా. మిగతాది ఆకులు, అదీ మార్చి మార్చి: ఒకరోజు జర్జీర్ (అరుగులా) ఆకు, ఇంకోరోజు ముల్లంగి ఆకు, మరోరోజు మందార ఆకో పువ్వో. పాలకూర, గంగవాయిలి కూర మనకెంత ఇష్టమైనా, వాటిలోని ఆక్సాలిక్ ఆమ్లం కాల్షియాన్ని ఒంటికి పట్టనివ్వదు. ఎప్పుడో ఒకసారి చాలు. ఎండ కూడా కావాలి (కిటికీ అద్దంలోంచి వచ్చేది లెక్కలోకి రాదు). తాబేళ్లు పెంచేవాళ్లు మామూలుగా ఇచ్చే సలహా, దారిపక్క మొక్కలు కోసి పెట్టమని. మక్కాలో అది చెల్లదు. హరమ్ (పవిత్ర ప్రాంతం) హద్దుల్లో తనంతట తాను మొలిచిన పచ్చని మొక్కను కోయడం నిషిద్ధం. ఇజ్‌ఖిర్ అనే సువాసన గడ్డికి హదీసులో మినహాయింపు ఉంది. కాబట్టి బజారులో కొన్న ఆకో, బాల్కనీ కుండీలో మనం పెంచిన గడ్డో దిక్కు. అన్నట్టు, ఈ జీవి పెరిగితే రెండడుగుల పొడవు దాటవచ్చు, 70 ఏళ్లకు పైగా బతకగలదు. ఇకామా (నివాస అనుమతి) గడువు చూసుకుని మరీ కొనండి.