మా యింటి పాత కంప్యూటరు – లినక్సు పరీక్ష



2025 అక్టోబరు 14వ తేదీతో విండోస్ 10నకు మామూలుగా వచ్చు రక్షణసవరణలు ముగిసినవని మీలో పెక్కుమంది వినియేయుందురు. మేడ్చలులోని మా యింట 2012లో కొన్న కంప్యూటరు కలదు. దానిని విండోస్ 11 అంగీకరింపదు. క్రొత్తదానిని కొనుటకు మా పంతులుగారి జీత మంగీకరింపదు. కావున లినక్సును పరీక్షించితిమి.

1991లో ఫిన్లాండు విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ ఆరంభించిన మూలమును గైకొని పలువురు తమతమ కూర్పులు చేసి యుచితముగా నిచ్చుచున్నారు. పప్పొక్కటే, ఇంటింటి పోపు వేఱు. మేము గైకొన్నది లినక్స్ మింట్ 22.2, అందు ఎక్స్‌ఎఫ్‌సీఈ యను తేలికరకము. 2 జీబీ ర్యాము చాలునందురు, 4 ఉన్నచో సుఖము. 2006 నాటి 'ఎడా' మొదలు ఈ కూర్పులకు స్త్రీల పేర్లే పెట్టుచున్నారు, మాది 'జారా'. "సీత యెప్పుడు వచ్చునే అమ్మాయీ?" అని అత్తగారడిగిరి.

దీనిని పెన్‌డ్రైవున నింపి, దానినుండియే కంప్యూటరును మేల్కొలిపినచో లోపలి డిస్కును తుడువకయే యంతయు చూచుకొనవచ్చును. ఈ సౌకర్యమే మమ్ము కాపాడినది. పదేండ్ల క్రిందట అత్తగారు పాడగా మేము టైపు చేసిన 23 పెండ్లిపాటల దస్త్రమును తెఱచితిమి. పుటలనిండ ఇంగ్లీషు అక్షరములు, కొంకిగుర్తులు! ఒక్క తెలుగక్షరము లేదు. గుండె ఝల్లుమన్నది. ఆ పాటలలో కొన్ని అత్తగారికే యిప్పుడు జ్ఞప్తికి రావు.

ఆనాడు మేము వాడిన ఫాంటు ఇంగ్లీషు అక్షరముల తావులందే తెలుగు రూపములను కూర్చినట్టిది. ఆ ఫాంటు లేనిచోట ఇంగ్లీషే మిగులును. యూనికోడునందైతే 'అ'కు, 'క'కు, ప్రతి గుణింతపు గుర్తునకు తన సంఖ్య తనకు కలదు. డిస్కును ముందే తుడిచియుండినచో ఆ ఫాంటును, దస్త్రమును రెండును పోయెడివి. వెంటనే విండోసునకు మరలి పాటలన్నిటిని పీడీఎఫ్‌గా భద్రపఱచితిమి. అందు అక్షరరూపములు దస్త్రములోనే నిలుచును. ఇప్పుడు వానిని చూచి మింటునందు ఇన్‌స్క్రిప్టు కీబోర్డుతో తిరుగ టైపు చేయుచున్నాము. తొమ్మిది ముగిసినవి. అప్పగింతల పాటలో ఒక చరణమును ఆనాడే తప్పు వ్రాసితిమని అత్తగారు పట్టుకొనిరి.

ఇది విని శామీర్‌పేటలోని మా తోడికోడలు "అక్కయ్యా, మాదానికిని పెట్టిపొండి" అని పిలిచినది. వారిది 32-బిట్టు యంత్రము; ఈ మింటు దానిపై నెక్కదు. డెబియను 12 నెక్కించితిమి. స్థాపించువేళ ప్రశ్నలను తెలుగుననే యడుగును. 2025 ఆగస్టులో వచ్చిన డెబియను 13నందు ఆ రకపు యంత్రములకు స్థాపనసౌకర్యమును తీసివేసిరి గావున, అట్టివి గలవారు ఆలోచించి చేయవలెను. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థవారు లినక్సును తెలుగు చేసినవారే. తెలుగు తెర కోరువారు వారి కూర్పునుగూర్చియు విచారించుకొనవచ్చును.

మా ప్రింటరు మాత్రము మింటు మాట యింకను వినలేదు. దానికొఱకు విండోసును డిస్కులో నొకమూల నుంచితిమి. దానిలో నున్నంతసేపు ఇంటర్నెట్టు తీగను ఊడదీయుచున్నాము.