సంపాదకుని మాట: జరిపితే ఏమవుతుంది?

ఈ సంచిక ప్రధాన వ్యాసం పరిబద్ధ రేఖీయ ఆపరేటర్ల స్పెక్ట్రమ్ గురించి. పేరు చూసి పేజీ తిప్పేయకండి. ఆపరేటర్ నుంచి ఐడెంటిటీకి λ రెట్లు తీసేస్తే విలోమం లేకుండా పోయే λ సంఖ్యలన్నిటి సమితే స్పెక్ట్రమ్; పరిమిత మాత్రికల్లో అవి ఐగెన్ విలువలే. డిగ్రీలో మాత్రికల ఐగెన్ విలువలు కట్టినవారికి సగం దారి తెలిసినట్టే. అసలు తిరకాసంతా మిగతా సగంలో ఉంది.

వర్గాల మొత్తం పరిమితంగా ఉండే ఏ అనంత అనుక్రమాన్నైనా తీసుకుని, ప్రతి సంఖ్యనూ ఒక స్థానం కుడికి జరిపి, మొదట్లో సున్నా పెట్టండి. 1, 1/2, 1/4... కాస్తా 0, 1, 1/2... అవుతుంది. ఇంత అమాయకంగా కనిపించే ఈ ఆపరేటర్‌కి ఐగెన్ విలువ ఒక్కటీ లేదు. స్పెక్ట్రమ్ మాత్రం సంకీర్ణ తలంలో 1 వ్యాసార్ధమున్న వృత్తం, లోపలి భాగంతో సహా! ఎడమకు జరిపితే స్పెక్ట్రమ్ అదే, కానీ వృత్తం లోపలి ప్రతి బిందువూ ఐగెన్ విలువే. పరిమిత మాత్రికల్లో ఈ వింత చూడలేం.

1906లో హిల్బర్ట్ ఈ స్పెక్ట్రమ్ భావనకు రూపమిచ్చేనాటికి, తర్వాత దాన్ని వాడుకున్న క్వాంటమ్ యాంత్రికశాస్త్రం పుట్టనేలేదు. కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకుని వ్యాసం చదవండి, సందేహాలుంటే రాయండి.