బీదబిడ్డలు - ఆంగ్ల మాధ్యమము

సర్కారు బడులలో ఆంగ్ల మాధ్యమమును గూర్చి తెలుగునాట సాగుచున్న వాదమును వినువారికి ఒక వింత తోపక మానదు. తెలుగు మాధ్యమమే యుండవలెనని సభలలో గొంతెత్తువారి బిడ్డలలో పెక్కురు తెలుగున గణితము చదివినవారు కారు. ఆంగ్లమే బీదలకు తరుణోపాయమని చాటువారిలో పెక్కురు తమ బిడ్డలచే సర్కారు బడి గడప త్రొక్కింపరు. ఇరుపక్షములవారును పరుల బిడ్డలను గూర్చియే తీర్పు చెప్పుచున్నారు. ఈ దోషమునకు మేమును అతీతులము కామని మొదటనే యొప్పుకొనుచున్నాము. మావంటి వకీళ్లు, ఉద్యోగులు, వర్తకులు తమ పిల్లలను ఏ బడికి పంపుచున్నారో ప్రతి వీధికిని తెలిసినదే. కావున బీదవాడు తన బిడ్డకు ఆంగ్లము కోరినపుడు అది మాతృభాషాద్రోహమని వానికి బోధించుటకు మనకు మొగము చెల్లదు.

జరిగిన కథ పాఠకులకు జ్ఞప్తియందుండియే యుండును. 2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 81వ నంబరు ఉత్తర్వు వెలువరించి, సర్కారు బడులలో ఒకటవ తరగతి మొదలు ఎనిమిదవ తరగతి వరకు మరుసటి సంవత్సరమునుండి బోధన మాంగ్లముననే జరుగవలెనని శాసించెను. ఆ నెలలోనే 85వ ఉత్తర్వుచే దానిని ఆరవ తరగతి వరకని సవరించెను. 2020 ఏప్రిల్ 15న హైకోర్టు ఆ రెంటిని కొట్టివేసెను. పిమ్మట ప్రభుత్వము తలిదండ్రుల అభిమతము సేకరింపగా నూటికి 90కి పైబడి ఆంగ్లమునే కోరిరి. తెలుగు కోరువారికై మండలమున కొక్క బడి నుంచెదమని సర్కారు సెలవిచ్చినది. తెలంగాణమునందును 2022-23 నుండి సర్కారు బడులలో ఆంగ్ల మాధ్యమము ప్రవేశించినది.

నూటికి 90 మంది యనిన మాటను కొందరు మిత్రులు పరిహసించుచున్నారు. మేము పరిహసింపజాలము. రాజ్యాంగము 348వ అధికరణము ననుసరించి హైకోర్టు వ్యవహార మాంగ్లమున సాగును. తన ఎకరము నేల తనకు దక్కినదో లేదో తెలుపు తీర్పును చేతబట్టుకొని, ఇందేమి యున్నదయ్యా యని మా గుమ్మమున నిలుచు రైతును మేమెన్నిమారులో చూచితిమి. మందుసీసాపై చీటీ ఆంగ్లమున నుండును. కొలువునకు పిలుచువాడు ఆంగ్లమున ప్రశ్నించును. ఇన్ని వాకిళ్లకు ఆంగ్లపు తాళము వేసి యుంచి, తాళపుచెవి నీకేల యని యడుగుట ఏపాటి న్యాయము? ఆ తండ్రి తన భాషను ద్వేషించి ఆంగ్లము కోరుటలేదు. లోకము పోకడ చూచి కోరుచున్నాడు.

ఐనను కోరినది వేరు, లభించినది వేరు. మా వ్యాజ్యమంతయు ఇచ్చటనే యున్నది.

బిడ్డను పరభాషయందే ముంచి ఆ భాషను నేర్పు పద్ధతికి విదేశములలో నిమజ్జన మని పేరు. ఈ మాట వినగనే మనకు వినాయకచవితి తలపునకు వచ్చును. నిమజ్జనమైన విగ్రహము మరల పైకి రాదు! కాని ఆ పద్ధతి పుట్టినచోట బిడ్డలు పైకి వచ్చిరి. 1965లో కెనడా దేశమున మాంట్రియల్ నగరము చేరువనున్న సెయింట్ లాంబర్ట్ అను ఊర ఇది ఆరంభమైనది. ఆంగ్లము మాటలాడు తలిదండ్రులు తామే పట్టుబట్టి తమ పసిబిడ్డలకు ఫ్రెంచి భాషలో బడి పెట్టించుకొనిరి. మెక్‌గిల్ విశ్వవిద్యాలయపు ఆచార్యుడు వాలెస్ లాంబర్ట్ వారి చదువును సంవత్సరముల తరబడి పరీక్షించెను. పిల్లలు ఫ్రెంచి నేర్చిరి, తమ ఆంగ్లమును పోగొట్టుకొనలేదు, గణితమునను వెనుకబడలేదు.

మన ఆంగ్ల మాధ్యమ పక్షమువారు ఈ కథను ఇంతవరకే చెప్పి ఊరకుందురు. అచ్చటి ఉపాధ్యాయులకు ఫ్రెంచి జన్మభాషవలె వచ్చును. పిల్లవాడు తొలినాళ్ల ఇంటిభాషలో బదులు చెప్పినను ఉపాధ్యాయునికి అర్థమగును, దండన లేదు. కొన్ని సంవత్సరములకు ఆంగ్లమును పాఠ్యాంశముగా ప్రవేశపెట్టిరి. అన్నిటికిని మించి ఆ పిల్లల ఇంటిభాష ఖండమంతటను ఏలుచున్న భాష. దాని కేమియు ముప్పు లేదు. చేరుట తలిదండ్రుల ఇచ్ఛ, మానుటయు వారి ఇచ్ఛ. ఇట్టి బడులకు గిరాకి హెచ్చగా కెనడాలో స్థలములు చాలక, పేరు వ్రాయించుటకై తలిదండ్రులు రాత్రివేళ వరుసలలో నిలుచుట, కొన్ని చోట్ల చీట్లు వేయుట సంభవించినది. రాత్రి నిలువగల తీరిక యెవరికుండును? దినకూలికి పోవువానికా? ఉచితమగు సర్కారు బడిలోను మంచి తరగతి కలవారి బిడ్డలతోనే నిండుచున్నదను ఫిర్యాదు అచ్చటను కలదు.

అమెరికా దేశపు వ్యాజ్యమొకటి మనకు మరింత దగ్గరది. శాన్ ఫ్రాన్సిస్కో నగరపు సర్కారు బడులలో ఆంగ్లము రాని చీనా పిల్లలు సుమారు 1,800 మంది ఏ సాయమును లేక ఆంగ్ల తరగతులలో కూర్చుండియుండిరి. అదే బడి, అదే పుస్తకము, అదే ఉపాధ్యాయుడు, ఇంక భేదమెక్కడిదని పురపాఠశాలాధికారులు వాదించిరి. 1974 జనవరిలో ఆ దేశపు సుప్రీంకోర్టు ఈ వాదమును త్రోసివేసెను. బోధన తెలియని బిడ్డకు అందరితోడి పుస్తకమే యిచ్చినంత మాత్రమున సమత్వము కలుగదనుట ఆ తీర్పు సారము. లౌ వ్యాజ్యమని న్యాయశాస్త్రమున దీనికి ప్రసిద్ధి. ఆ 1,800 మందికై ఒక దేశపు అత్యున్నత న్యాయస్థానము కదలినది. మన పల్లెలలో అదే స్థితిలో కూర్చున్న బిడ్డల నెవరు లెక్కించిరి?

మన పల్లెబడి సంగతి యేమి? ఉపాధ్యాయుడు తాను తెలుగున చదివి, తెలుగున శిక్షణ పొంది, ఇరువది యేండ్లు తెలుగున పాఠము చెప్పినవాడు. వానిని నిందింపము. ఒక ఉత్తర్వుతో వాని నాలుక మారునా? పాఠము ఆంగ్లమున చదువును, తెలుగున వివరించును, జవాబులు నల్లబల్లపై ఆంగ్లమున వ్రాయును. పిల్లలు ఎక్కించుకొని కంఠస్థము చేయుదురు. ఇట్లు చదివిన బిడ్డకు ఆంగ్లము రాకపోగా, తెలుగున స్వయముగ పది వాక్యములు వ్రాయు శక్తియు సన్నగిల్లును. పట్టణపు ఖరీదైన బడిలోని బిడ్డకు ఇంట ఆంగ్లము తెలిసిన తల్లి కలదు, పుస్తకములు కలవు, సాయంకాలము ప్రయివేటు కలదు. ఇద్దరి బడుల పేరు ఆంగ్ల మాధ్యమమే. పేరొక్కటి యగుటచే న్యాయము జరిగినదని సర్కారు తలంచినచో, శాన్ ఫ్రాన్సిస్కో అధికారుల వాదమునే మరల చెప్పుచున్నదన్నమాట.

న్యాయముగ చెప్పవలసినది మరియొకటి కలదు. ఒక పుటపై తెలుగు, ఎదుటి పుటపై ఆంగ్లము ముద్రించిన పాఠ్యపుస్తకములను ఆంధ్రప్రదేశ్ సర్కారు పిల్లలకిచ్చినది. ఇది మెచ్చుకొనదగిన పని. ఆ పుస్తకమును రెండు కన్నులతోను చదివింపగల ఉపాధ్యాయుని తయారుచేయుట మిగిలియున్నది.

ఇంక చట్టము మాట. 2009 విద్యాహక్కు చట్టము 29వ సెక్షను, సాధ్యమైనంతవరకు బోధన మాతృభాషలో నుండవలెనని చెప్పుచున్నది. 2014 మే నెలలో కర్ణాటక వ్యాజ్యమున సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనము, ప్రాథమిక విద్య మాతృభాషలోనే జరుగవలెనని సర్కారు నిర్బంధింపజాలదని, మాధ్యమము నెంచుకొను స్వేచ్ఛ బిడ్డ తరపున తలిదండ్రులదని తీర్పు చెప్పినది. తెలుగు నిర్బంధింపరాదన్నచో ఆంగ్లమును నిర్బంధింపవచ్చునని అర్థమా? ఎన్నిక యనిన రెండు తలుపులును తెరచియుండవలెను. ఆంగ్లపు తలుపు ఇంటి యెదుట, తెలుగు తలుపు మండల కేంద్రమున నున్నచో, ఆరేండ్ల కూలిబిడ్డ కది ఎన్నికా? అట్టి స్థితిలో అడిగిన ప్రశ్నకు నూటికి 90 మంది యిచ్చిన జవాబును ఎంతవరకు స్వేచ్ఛాభిమతమనవచ్చును?

ఇచ్చట తెలుగు భాషాభిమానులమగు మనము వినుటకు కటువగు మాట యొకటి చెప్పక తప్పదు. మన్యపు సవర బిడ్డకు, కోయ బిడ్డకు, గోండు బిడ్డకు తెలుగు బడియే నిమజ్జనము. పరభాషలో మునిగి ఊపిరాడక బడి మానిన బిడ్డలు వారిలో ముందునుండి యున్నారు. గిడుగు రామమూర్తి పంతులుగారు ఈ సంగతి నూరేండ్లకు పూర్వమే గుర్తించి, స్వయముగ సవరభాష నేర్చి, ఆ భాషలో వాచకములు వ్రాసి, సవర బిడ్డలకు బడులు పెట్టించిరి. వారి వ్యావహారిక వాదముతో మాకుగల పేచీ యటుండనిండు, ఈ పనికి చేతులు జోడించుచున్నాము. ఉమ్మడి రాష్ట్రమున 2004 ప్రాంతమున సవర, కువి, కొండ, కోయ, గోండి, కొలామి, బంజారా, ఆదివాసీ ఒరియా అను ఎనిమిది భాషలలో చిన్నతరగతుల బోధన మొదలైనది. పసిబిడ్డ ఇంటిభాషలో మొదలిడి క్రమముగ తెలుగునకు, ఆంగ్లమునకు రావలెనను పద్ధతి యిది. మాతృభాషా న్యాయము మనకు వర్తించునని వాదించుచు మన్యమునకు వర్తింపదనినచో, మన వాదము న్యాయమునకై కాక పెత్తనమునకై యని లోకులనుకొందురు.

మా కోరిక స్పష్టము. బీదబిడ్డకు ఆంగ్లము రావలెను, బాగుగ రావలెను. మొదటి సంవత్సరములలో ఇంటిభాష పునాదిగా నుండవలెను. ఆంగ్లమును మొదటి తరగతినుండియే ప్రత్యేక పాఠముగ, ఆ భాష వచ్చినవారిచే చెప్పింపవలెను. పై తరగతులలో రెండు మాధ్యమములును ఒకే ప్రాంగణమున నుండవలెను. అందుల కగు వ్యయము సర్కారు భరింపవలెను.

ఈ కోరిక సర్కారు చెవినిబడుటకు కాలము పట్టును. ఇంతలో చేయదగినది మన చేతిలోనే కలదు. విద్యాహక్కు చట్టము 21వ సెక్షను ప్రకారము ప్రతి సర్కారు బడికిని తలిదండ్రుల ప్రాతినిధ్యముగల యాజమాన్య సంఘముండవలెను. పఠనమందిరములలో మా పత్రిక చదువు సోదరులు వేసవి సెలవులు ముగిసి బడులు తెరచులోపల తమ వీధి బడి సంఘసభ్యులను కలిసికొని, ఆ బడిలో ఎందరు ఉపాధ్యాయులు ఆంగ్ల బోధనలో శిక్షణ పొందిరో, ఎన్ని దినములు పొందిరో, తెలుగు తరగతి నిలిచియున్నదో మూసిరో అడిగి తెలిసికొందురు గాక. ఆ వివరములు మాకు వ్రాసి పంపినచో బడిపేరుతో సహా ఈ పుటలో ప్రకటింతుము.